స్వచ్ఛంద సేవ: మస్కి శిల నుండి బిల్‌గావ్ దీపం వరకు

రాయచూరు జిల్లాలోని మస్కి పేరు వినని చరిత్ర విద్యార్థి ఉండడు. 1915వ సంవత్సరంలో నిజాం రాజ్యపు బంగారు గనులలో పనిచేస్తున్న బీడన్ అనే ఇంజనీరు అక్కడి ఒక బండపై ప్రాచీన లిపిని గుర్తించాడు. అది మౌర్య చక్రవర్తి అశోకుని ధర్మశాసనం. అంతవరకు దొరికిన శాసనాలలో ఆ చక్రవర్తి 'దేవానాంప్రియుడు', 'ప్రియదర్శి' అనే బిరుదులతోనే కనిపించాడు. అశోకుడనే పేరు స్పష్టంగా చెక్కబడిన శాసనాలలో మొట్టమొదట వెలుగు చూసినది మస్కి శాసనమే. ఆ దేవానాంప్రియుడు ఎవరన్న సందేహం దానితో తీరిపోయింది.

తరగతి గదిలో మస్కిని గురించి చెప్పేటప్పుడు సాధారణంగా ఇంతటితో ఆగిపోవడం పరిపాటి. కాని ఆ శాసనంలోని విషయం కూడా అంతే గమనింపదగినది. ధర్మాచరణ వలన కలిగే ఫలం గొప్పవారికే దక్కుతుందని తలచరాదనీ, శ్రద్ధతో పూనుకొంటే సామాన్యుడు సైతం దానిని సాధింపగలడనీ దాని సారాంశం. ఒక చక్రవర్తి ఈ మాటను రాతిపై చెక్కించవలసి వచ్చిందంటే, లోకానికి మేలు చేయడం పెద్దల పని అనే భావం ఆనాటికే ఎంతగా పాతుకొని పోయిందో ఊహించవచ్చు. ఆ భావం నేటికీ తొలగిపోలేదు. పల్లె బాగుపడాలంటే ప్రభుత్వమైనా పూనుకోవాలి, ధనికుడైన దాతయైనా ముందుకు రావాలి అనుకోవడం సర్వసాధారణం. అధికారమూ, ఐశ్వర్యమూ లేని సామాన్యులు తమ తీరిక సమయాన్నే పెట్టుబడిగా పెట్టి పల్లెలకు ఏమి చేయగలరు? ఎక్కడ వారి శక్తి చాలక ఆగిపోతారు? ఈ ప్రశ్నలకు సమాధానం ఇవ్వగల ఒక స్వచ్ఛంద సంస్థ చరిత్రను, ఆ వెలుగులో ఈ జిల్లా అనుభవాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ నేలకు కొత్త కాని సంప్రదాయం

1956 నవంబరు 1వ తేదీ వరకు రాయచూరు జిల్లా హైదరాబాదు రాజ్యంలో భాగంగా ఉండేది. నేడు తెలంగాణలో ఉన్న గద్వాల, అలంపూరు తాలూకాలు కూడా ఆనాడు ఈ జిల్లాలోనివే. కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే సంతలో వినిపించే ఈ ప్రాంతంలో ప్రజల మాతృభాషలో చదువు చెప్పే బడులు అరుదుగా ఉండేవి. ఆ కొరతను తీర్చడానికి ముందుగా నడుము కట్టినవారు స్వచ్ఛంద సేవకులే. 1901లో హైదరాబాదు నగరంలో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు మొదలైన పెద్దలు నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం తరువాతి గ్రంథాలయోద్యమానికి నాంది పలికింది. రాయచూరు పట్టణంలో 1920 ప్రాంతంలో పండిత తారానాథులు 'హమ్‌దర్ద్' పాఠశాలను స్థాపించి జాతీయ విద్యకు బాట వేశారు. ఎదుటివాని బాధను తన బాధగా భావించేవాడు అని ఆ ఉర్దూ మాటకు అర్థం. 1951 ఏప్రిల్ 18న ఇదే రాజ్యంలోని పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాల భూమిని ఇవ్వడానికి ముందుకు రాగా, వినోబా భావే భూదానోద్యమానికి అక్కడే అంకురార్పణ జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పల్లెల అభివృద్ధి బాధ్యతను ప్రభుత్వం చేపట్టింది. 1952 అక్టోబరు 2న గాంధీ జయంతినాడు దేశంలో సమాజ వికాస పథకం ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం తుంగభద్ర జలాశయం నుండి నీరు విడుదలైంది. కాలువ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు రైతులు సింధనూరు, మాన్వి ప్రాంతాలలో క్యాంపులు ఏర్పరచుకొని నల్లరేగడి నేలను వరిపొలాలుగా మార్చారు. 1985లో కృష్ణానదీ తీరాన శక్తినగర్‌లో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉత్పత్తి ప్రారంభించింది. క్రమక్రమంగా దాని సామర్థ్యం 1720 మెగావాట్లకు పెరిగి, రాష్ట్రమంతటికీ వెలుగునిచ్చే కేంద్రాలలో ఒకటిగా నిలిచింది.

ఇన్ని జరిగినా జిల్లా అంతటా ఫలం సమానంగా అందలేదు. ప్రాంతీయ అసమానతలను పరిశీలించిన డాక్టర్ నంజుండప్ప సమితి 2002లో సమర్పించిన నివేదికలో దేవదుర్గ తాలూకాను అత్యంత వెనుకబడిన తాలూకాల జాబితాలో చేర్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధ అవసరమని ఎంపిక చేసిన జిల్లాలలో కర్ణాటక నుండి రాయచూరు, యాదగిరి చోటు చేసుకొన్నాయి. నీరూ, విద్యుత్తూ ఉన్న జిల్లాలోనే నీరందని చేలు, చదువందని పిల్లలు ఉండడం ఎవరినైనా ఆలోచింపజేస్తుంది. పెద్ద పథకాలు చేరని ఇటువంటి మూలలలోనే స్వచ్ఛంద సేవకు అవసరం ఏర్పడుతుంది.

విశ్వవిద్యాలయంలో మొదలైన సంఘం

1991లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధన చేస్తున్న తెలుగు విద్యార్థి కూచిమంచి రవి తోటి విద్యార్థులతో కలసి ఒక సంఘాన్ని ప్రారంభించారు. 'అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్' అని దానికి పేరు. 'ఎయిడ్' అనే సంక్షిప్త నామంతో అది ప్రసిద్ధి పొందింది. రవి అంతకుముందు బొంబాయి ఐ.ఐ.టి.లో సివిల్ ఇంజనీరింగ్ చదివారు. మాతృదేశంలో ప్రజల సొమ్ముతో విద్యావంతులైనవారు ఆ ఋణాన్ని ఏదో ఒక విధంగా తీర్చుకోవాలనే ఆలోచన ఆనాటి ప్రవాస విద్యార్థులలో చాలామందికి ఉండేది. దానికి ఒక రూపం ఇవ్వడమే ఈ సంఘం విశేషం.

ఈ సంస్థ నడక తీరు గమనింపదగినది. దీనికి మూలబలం ధనికులైన దాతలు కారు. విద్యార్థి వేతనంతో కాలం గడిపే యువకులు, ఉద్యోగంలో కొత్తగా చేరినవారు, గృహిణులు దీనికి కార్యకర్తలు. ఒక్కొక్క నగరంలో, ఒక్కొక్క విశ్వవిద్యాలయంలో ఒక్కొక్క శాఖ ఏర్పడింది. సెలవు దినాన అందరూ ఒకచోట చేరి, భారతదేశంలోని గ్రామీణ సంస్థల నుండి వచ్చిన విన్నపాలను చదివి చర్చిస్తారు. ఈ బావి త్రవ్వితే నీరు ఎవరికి దక్కుతుంది, ఈ బడికి ఉపాధ్యాయుని ఎవరు నియమిస్తారు, మూడేళ్ళ తరువాత దీనిని ఎవరు నడుపుతారు అని ఒకరినొకరు ప్రశ్నించుకొంటారు. క్యాలెండర్లు అమ్మి, వంటకాలు తయారుచేసి విక్రయించి, సంగీత నాట్య ప్రదర్శనలు ఏర్పాటు చేసి నిధులు సమకూరుస్తారు. సెలవులకు స్వదేశం వచ్చినప్పుడు తాము సాయపడిన పల్లెకు స్వయంగా వెళ్ళి చూసి, తోటివారికి నివేదిక సమర్పిస్తారు. విదేశీ విరాళాలను స్వీకరించడానికి 1976 నాటి చట్టం, దాని స్థానంలో వచ్చిన 2010 నాటి చట్టం ప్రకారం అనుమతి పొందిన సంస్థలకే అవకాశం ఉంది. 2020లో ఆ నిబంధనలు మరింత కఠినమైనాయి. కనుక పల్లెలో పనిచేసేది స్థానిక సంస్థలే. దూరాన ఉన్న కార్యకర్త వారికి తోడు మాత్రమే.

సేవ, నిర్మాణం, సంఘర్షణ అనే మూడింటినీ ఈ సంఘం తన మార్గాలుగా చెప్పుకొన్నది. ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడం సేవ. బడి, చెరువు, విద్యుత్తు వంటి వసతులను ప్రజలతో కలసి కల్పించుకోవడం నిర్మాణం. అన్యాయం జరిగినచోట బాధితుల పక్షాన నిలబడడం సంఘర్షణ. మొదటి రెండింటినీ మెచ్చుకొనేవారు కూడా మూడవది ఎందుకని సందేహించవచ్చు. ఆ సందేహానికి బిల్‌గావ్ అనే చిన్న పల్లె సమాధానం చెప్పింది.

లోయలో వెలిగిన దీపం

1998లో రవి, ఆయన సహధర్మచారిణి పిల్లలమర్రి అరవింద అమెరికా నుండి భారతదేశానికి వచ్చి, పూర్తికాలం సేవకు అంకితమైన 'జీవన్‌సాథీ'లుగా పనిచేయసాగారు. నర్మదానదిపై సర్దార్ సరోవర్ ఆనకట్ట వలన ముంపుకు గురయ్యే ఆదివాసీ పల్లెలు వారి కార్యక్షేత్రాలలో ముఖ్యమైనవి. ఆ కొండలలో ఆందోళనకారులు ఆదివాసీ బాలబాలికల కోసం 'జీవన్‌శాల' అనే ఆశ్రమ పాఠశాలలను నడిపేవారు. చీకటి పడితే అక్కడ చదువు సాగేది కాదు. సైకిలు వలె కాళ్ళతో త్రొక్కితే విద్యుత్తు పుట్టించే చిన్న యంత్రాన్ని రూపొందించి, విద్యుత్ తీగ చేరని బడులలో దీపాలు వెలిగించే ప్రయత్నం జరిగింది. ఒకరు త్రొక్కుతూ ఉంటే తక్కినవారు ఆ వెలుగులో చదువుకొనే దృశ్యాన్ని ఏ ఉపాధ్యాయుడైనా సులభంగా ఊహించుకోగలడు.

తరువాతి అడుగు మరికొంత పెద్దది. మహారాష్ట్రలోని నందుర్‌బార్ జిల్లాలో బిల్‌గావ్ అనే ఆదివాసీ పల్లె ఉన్నది. దేశానికి విద్యుత్తును, నీటిని ఇవ్వడానికై తమ నేలను వదులుకొనవలసి వచ్చిన ప్రాంతపు ప్రజలకు తమ ఇంటిలో ఒక బల్బు వెలిగే భాగ్యం లేదు. పల్లె సమీపంలో వాగు నీరు సహజంగా ఎత్తు నుండి క్రిందికి దూకే చోటు ఉంది. కేరళకు చెందిన 'పీపుల్స్ స్కూల్ ఆఫ్ ఎనర్జీ' ఇంజనీర్లు దానిని పరిశీలించి చిన్న జలవిద్యుత్ కేంద్రానికి రూపకల్పన చేశారు. ఎయిడ్ సంస్థ ఆర్థికంగా తోడ్పడింది.

దాని నిర్మాణ సూత్రం పాఠశాల విద్యార్థులకు కూడా బోధపడేంత సరళమైనది. వాగుకు అడ్డంగా చిన్న కట్ట కట్టి నీటిని నిలుపుతారు. ఆ నీటిని గొట్టం ద్వారా క్రిందికి వదిలితే, ఎత్తు నుండి పడిన వేగానికి టర్బైను తిరుగుతుంది. దానికి జోడించిన జనరేటరు విద్యుత్తును పుట్టిస్తుంది. పని పూర్తయిన నీరు తిరిగి వాగులోనే కలుస్తుంది. ఎవరి పొలమూ మునగదు, ఎవరి ఇల్లూ కూలదు. అయితే రాళ్ళు మోయాలి, మట్టి త్రవ్వాలి, కట్ట కట్టాలి, స్తంభాలు నాటాలి. ఆ పని అంతటికీ బిల్‌గావ్ ప్రజలు వందలాది పనిదినాల శ్రమదానం చేశారు. 2003 జనవరిలో ఆ కేంద్రం పనిచేయడం ప్రారంభించి పల్లెలో దీపాలు వెలిగాయి.

దాని సామర్థ్యం 15 కిలోవాట్లు. శక్తినగర్ కేంద్రంతో పోల్చి చూస్తే లక్షవ వంతు కూడా కాదు. కాని ఆ 15 కిలోవాట్లు ఎక్కడ పుట్టాయో అక్కడే వినియోగపడ్డాయి. వాటిని పుట్టించినవారే వాటికి యజమానులు. 2004లో అశుతోష్ గోవారికర్ దర్శకత్వంలో వచ్చిన 'స్వదేశ్' హిందీ చిత్రానికి ఈ దంపతుల కృషి, ఈ పల్లె అనుభవం స్ఫూర్తినిచ్చాయని పత్రికలు వ్రాశాయి. ఊరి నీటితో ఊరికి వెలుగు తెచ్చుకొనే ఇతివృత్తం కన్నడ ప్రేక్షకులకు కొత్తది కాదు. శివరామ కారంతుల నవల ఆధారంగా టి.ఎస్. నాగాభరణ తీసిన 'చిగురిద కనసు' 2003లోనే విడుదలైంది.

వరద నేర్పిన పాఠం

సినిమా కథ దీపం వెలగడంతో ముగుస్తుంది. చరిత్ర అక్కడ ఆగదు. బిల్‌గావ్ కంటే ముందు దోమ్‌ఖేడీ అనే పల్లెలో జరిగిన ఇటువంటి చిన్న ప్రయత్నం సర్దార్ సరోవర్ జలాశయపు నీటిలో మునిగిపోయింది. 2006 ఆగస్టులో వచ్చిన వరదలో బిల్‌గావ్ విద్యుత్ కేంద్రం కూడా ధ్వంసమైంది. పల్లె ప్రజలు చెమటోడ్చి కట్టుకొన్నది మూడున్నర సంవత్సరాలు మాత్రమే వెలుగునిచ్చింది.

ఈ సంఘటనను దాటవేసి విజయగాథను మాత్రమే చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. స్వచ్ఛంద సేవకు గల బలమూ, బలహీనతా ఇక్కడ స్పష్టంగా తెలుస్తాయి. నిధులను సేకరించవచ్చు. నిపుణులను రప్పించవచ్చు. ఊరంతా కలసి శ్రమించవచ్చు. కాని నది ఎంత ఎత్తున నిలవాలి, ఏ ఊరు మునగాలి అనే నిర్ణయం మరెక్కడో జరుగుతుంటే ఆ శ్రమకు రక్షణ లేదు. తన నేలపైన, నీటిపైన, కూలిపైన ప్రజలకు మాట చెల్లనంతకాలం ఎంత మంచి నిర్మాణమైనా ఇసుకమీద కట్టిన గోడ వంటిదే. సేవ, నిర్మాణాలకు తోడుగా సంఘర్షణను కూడా ఆ సంఘం తన మార్గంగా ఎందుకు ఎంచుకొన్నదో ఈ అనుభవం వలన బోధపడుతుంది.

ఇటువంటి సంస్థలకు ఇతర పరిమితులు కూడా లేకపోలేదు. విద్యార్థి కార్యకర్త చదువు ముగియగానే ఊరు మారిపోతాడు. ఉత్సాహం ఉన్నవారికి పల్లె జీవితం తెలియకపోవచ్చు. సుదూరంగా ఉండి పల్లె అవసరాలను తామే నిర్ణయించే పొరపాటు జరగవచ్చు. వీటన్నింటికీ మందు ఒక్కటే. పని పగ్గాలు మొదటినుండి పల్లెవారి చేతిలో ఉండాలి.

పోత్నాళ్ మహిళల బాట

అందుకు చక్కని ఉదాహరణ రాయచూరు జిల్లాలోనే కనిపిస్తుంది. మాన్వి ప్రాంతంలోని పోత్నాళ్ గ్రామం కేంద్రంగా 1999లో దళిత మహిళలు 'జాగృత మహిళా సంఘటన'గా ఏర్పడ్డారు. వారిలో అత్యధికులు ఇతరుల పొలాలలో కూలి చేసి జీవించేవారు. బయటినుండి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు వారికి తోడు నిలిచినా, సంఘానికి ప్రాణం ఆ మహిళలే. కులవివక్షను, ఇంటా బయటా జరిగే దౌర్జన్యాన్ని ఎదిరించడానికి వారు ఒక్కటైనారు. నాటుమూలికలతో మందులు, వేపగింజలతో ఎరువు, కాల్చిన మట్టితో ఆభరణాలు తయారుచేయడం నేర్చుకొని జీవనోపాధికి మరొక దారి చూసుకొన్నారు. సేవ, నిర్మాణం, సంఘర్షణ అనే మూడు మార్గాలూ ఇక్కడ ఒకే సంఘంలో, ఆ ఊరి మహిళల చేతుల మీదుగానే కలిశాయి.

వారి పనులలో విద్యాభిమానుల మనసును ఎక్కువగా ఆకట్టుకొనేది 'చిలిపిలి' అనే బడి. కన్నడంలో పక్షుల కిలకిలారావాన్ని చిలిపిలి అంటారు. తల్లులతోపాటు పొలం పనికి వెళుతూ బడికి దూరమైన పిల్లలను తిరిగి చదువుబాట పట్టించడం దాని ధ్యేయం. విదేశాలలోని భారతీయ విద్యార్థుల స్వచ్ఛంద సంఘాలు ఈ బడికి చేయూతనిచ్చాయి. 6 నుండి 14 సంవత్సరాల వయసు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య హక్కు అని చెప్పే చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. చట్టం రాకముందే, తాము ఎన్నడూ బడి గడప త్రొక్కని తల్లులు తమ బిడ్డల చదువు కోసం పూనుకొన్నారన్నది గుర్తుంచుకొనదగిన విషయం.

ఈ విషయం తెలుగు కుటుంబాలకు మరింత దగ్గరగా తగులుతుంది. కాలువల క్రింద క్యాంపులు వెలసిన తొలిరోజులలో తమ పిల్లలకు మాతృభాషలో చదువు కావాలని ఆరాటపడినవారు ఆ కష్టాన్ని ఎరుగుదురు. ఆనాడు బడి అంటే పాక, పలక, ఒక పంతులు. అక్కడినుండి బయలుదేరిన కుటుంబాల పిల్లలు ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు అయినారు. సముద్రాలు దాటి వెళ్ళినవారూ ఉన్నారు. ఆ కుటుంబాల పొలాలలో నాట్లు వేసి, కలుపు తీసి, ప్రత్తి ఏరిన తల్లుల పిల్లలు ఏమి చదివారు అన్న ప్రశ్నకు సమాధానం అంత తేలికగా దొరకదు. పచ్చని పొలానికి ఒక గట్టున ఉన్న ఇంటిలో చదువు నిండి, మరొక గట్టున ఉన్న గుడిసెలో అది కొరవడితే ఊరు అభివృద్ధి చెందిందని చెప్పలేము.

పాఠశాల కర్తవ్యం

మేరీలాండ్ విద్యార్థులు గాని, బిల్‌గావ్ ఆదివాసీలు గాని, పోత్నాళ్ మహిళలు గాని గొప్ప ఐశ్వర్యంతో పని ప్రారంభించలేదు. ఒకరు సెలవునాటి సమయాన్ని ఇచ్చారు. మరొకరు భుజబలాన్ని ఇచ్చారు. వేరొకరు రోజు కూలి పోయినా సరేనని సంఘ సమావేశానికి వచ్చారు. వారి నిర్మాణాలలో కొన్ని నిలిచాయి, కొన్ని నీటిపాలైనాయి. కూలిపోయిన వాటిని కూడా దాచకుండా చెప్పుకొన్నప్పుడే తరువాతివారికి అవి దారి చూపుతాయి.

డెబ్బదియైదు సంవత్సరాల పండుగ జరుపుకొనే ఏ పాఠశాలయైనా ఇటువంటి శ్రమదానాల పునాదిపైనే నిలిచి ఉంటుంది. స్థలం ఇచ్చినవారి పేర్లు శిలాఫలకంపై కనిపిస్తాయి. ఇటుకలు మోసినవారి పేర్లు, జీతం అందని నెలలలో సైతం పాఠం మానని ఉపాధ్యాయుల పేర్లు ఎక్కడా కనిపించవు. ఆ ఋణాన్ని తీర్చుకోవడానికి పూర్వ విద్యార్థులు కోట్ల రూపాయల విరాళాలే ఇవ్వనక్కరలేదు. పదవ తరగతిలో లెక్కలకు భయపడే ఒక బాలికకు వారానికి ఒక గంట పాఠం చెప్పవచ్చు. బడి మానేసి పొలానికి వెళుతున్న పిల్లవాని ఇంటికి వెళ్ళి అతని తల్లిదండ్రులతో నాలుగు మాటలు మాట్లాడవచ్చు. దూరదేశంలో ఉన్నవారు తాము సాయం చేసిన ఊరికి సెలవులలో ఒకసారి వెళ్ళి, ఆ పని ఎవరి చేతిలో ఉన్నదో కన్నులారా చూసి రావచ్చు.

శ్రద్ధ ఉన్న సామాన్యునికి అసాధ్యం లేదని చెప్పే శాసనం ఈ జిల్లాలోనే బండపై చెక్కబడి ఉంది. మస్కికి విహారయాత్రగా వెళ్ళే ప్రతి విద్యార్థికీ అశోకుని పేరుతోపాటు ఆ మాట కూడా చూపించడం ఉపాధ్యాయుల కర్తవ్యం.